బార్కస్ ఇంటిపేర్లు: హద్రమౌత్ వంశనామాల చరిత్ర, వ్యాప్తి

చార్మినార్ నుంచి అలియాబాద్, ఇంజన్‌బౌలి మీదుగా దక్షిణానికి పోతే చాంద్రాయణగుట్ట దాటాక బార్కస్ వస్తుంది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిలు ఉండిన బ్యారక్సే జనం నోట బార్కస్ అయింది. ఆ ఫౌజు రద్దయి డెబ్బై అయిదేళ్లు దాటినా సిపాయిల మునిమనవలు అక్కడే ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. అరబ్బీ నమాజుకూ ఖురాన్ పారాయణానికీ పరిమితమైంది. రంజాన్‌లో హరీస్, పెళ్లిళ్లలో మరగ్ వంటి కొన్ని వంటకాలు, మగవాళ్ల లుంగీకట్టు, చిన్న కప్పుల్లో ఖహ్వా మిగిలాయి. వీటన్నిటికంటే గట్టిగా నిలబడింది ఇంటిపేరు. బావజీర్, బలాలా, అల్ అమూదీ, అల్ యాఫయీ, అల్ కసీరీ, అల్ ఔలఖీ వంటి పేర్లు తెలంగాణలో అరుదు. వీటి చుట్టాలను వెతకాలంటే వరంగల్ వైపో కర్నూలు వైపో కాదు, యెమెన్ తూర్పు భాగమైన హద్రమౌత్ వైపూ, అక్కణ్నుంచి జావా, సింగపూర్, మొంబాసా, జెడ్డా వైపూ పోవాలి.

భాష రెండు తరాల్లో జారిపోయిన చోట ఇంటిపేరు ఆరేడు తరాలు ఎందుకు నిలిచింది? అంతగా నిలిచిన పేరు సర్కారు జాబితాల్లో ఎందుకు సరిగ్గా కనబడదు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందని నా అభిప్రాయం. పేరును కాపాడింది సర్కారు రాతకోతలు కావు, పెళ్లి సంబంధాలూ వారసత్వాలూ. రాజ్యం మాత్రం తన అవసరం కొద్దీ ఆ పేరును ప్రతిసారీ మరో పేరుతో కప్పుతూ వచ్చింది.

ముందు పేరు కట్టుబడి చూద్దాం. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఊరి పేరు నుంచి పుడుతుంది. హద్రమీల ఇంటిపేరు చివరన ఉంటుంది, ఎక్కువగా మూలపురుషుణ్ని గానీ తెగను గానీ చెబుతుంది. మలక్‌పేట శాసనసభ్యుడు అహ్మద్ బిన్ అబ్దుల్లా బలాలా పేరే తీసుకోండి. అహ్మద్ ఆయన సొంత పేరు, అబ్దుల్లా తండ్రి పేరు, బలాలా వంశం పేరు. కూతురైతే 'బిన్' బదులు 'బింత్' అని రాస్తారు. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు తగిలించుకోవడం అరబ్బు ఆచారంలో లేదు. ఆడపిల్ల పుట్టింటి పేరుతోనే ఉంటుంది. దానివల్ల తల్లి వంశం కూడా పేర్లలో దొరుకుతుంది. వంశవృక్షాలు రాసేవారికి ఇది పెద్ద సాయం, మన కుటుంబాల్లో అరుదుగా దొరికే సాయం.

'బా'తో మొదలయ్యే పేర్లు హద్రమౌత్‌కు ప్రత్యేకం. అరబ్బు దేశాల్లో మరెక్కడైనా అటువంటి పేరు కనబడితే ఆ కుటుంబం ఒకప్పుడు హద్రమౌత్ నుంచి వచ్చినదేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అక్కడి సమాజంలో మెట్లున్నాయి, పేరు వినగానే ఎవరు ఏ మెట్టువారో తెలిసిపోతుంది. ప్రవక్త వంశీకులమని చెప్పుకునే సయ్యదులు పై మెట్టు. అల్ అయిదరూస్, అల్ అత్తాస్, అల్ హద్దాద్ వారి ఇంటిపేర్లు. విద్యకూ ధర్మానికీ పేరుపడిన షేక్ కుటుంబాలు వారి తర్వాత. బావజీర్, అల్ అమూదీ ఆ కోవలోవి. ఆయుధాలు పట్టిన తెగలు యాఫయీ, కసీరీ, ఔలఖీ వంటివారు. పట్టణాల్లోని వర్తకులూ చేతిపనివారూ వీరందరికీ కింద. హోదాలో సమానులకే పిల్లనివ్వాలన్న కఫాఅ నియమం ఉన్న సమాజంలో ఇంటిపేరు మరిచిపోతే పెళ్లి చిక్కుల్లో పడుతుంది. పిల్లను అడగడానికి వచ్చినవారిని మొదట అడిగేది ఇంటిపేరే. పేరు నిలవడానికి అసలు కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

హైదరాబాద్‌కు వచ్చిన అరబ్బుల్లో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఇక్కడి దక్కనీ స్త్రీలను పెళ్లాడారు. పిల్లలకు తల్లి భాష వచ్చింది, తండ్రి పేరు వచ్చింది. భాష తల్లి ఒడిలోది కనుక రెండు తరాలకే మారిపోయింది. పేరు తండ్రి ఆస్తిలోదీ పరువులోదీ కనుక మిగిలింది.

వాళ్లు ఎందుకు వచ్చారన్నది హద్రమౌత్ చరిత్రే చెబుతుంది. వానలు తక్కువ, లోయ ఇరుకు, తెగల మధ్య తీరని పగలు. 18వ శతాబ్దం నాటికే అక్కడి యువకులు సముద్రం దాటి జీతాలకు పోవడం మామూలు. బరోడా, నాగపూర్, పుణె దర్బారులు వారిని ఫౌజులో పెట్టుకున్నాయి. 1818లో పీష్వా రాజ్యం కూలాక ఆ సిపాయిల్లో చాలామందికి మిగిలిన పెద్ద కొలువు నిజాంది. వారి నాయకులు జమేదార్లు. సిపాయిల జీతాలు వాళ్ల చేతుల మీదుగానే నడిచేవి. దర్బారుకూ జాగీర్దార్లకూ అప్పులిచ్చి, తాలూకాల శిస్తు వసూళ్లు తాకట్టు పట్టుకున్నది కూడా వాళ్లే. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ చేసిన సంస్కరణల్లో పెద్ద భాగం ఆ పట్టు సడలించడమే. తెలంగాణ పల్లెల్లో 'అరబ్బులు, రోహిల్లాలు' అన్న జంట మాట అప్పుల వసూళ్ల భయంతో ముడిపడి చాలాకాలం బతికింది. ఈ భయం నిజం, దాన్ని దాచి ఈ పేర్ల చరిత్ర రాయడం న్యాయం కాదు.

ఇప్పుడు ఒక పేరును దగ్గరగా చూడాలి. హద్రమౌత్‌లోని షిబామ్ నుంచి వచ్చి నాగపూర్‌లోనూ తర్వాత హైదరాబాద్‌లోనూ కొలువు చేసిన యాఫయీ తెగవాడు ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ. జమేదార్‌గా ఆర్జించిన సొమ్ముతో ఆయన స్వదేశంలో కోటలూ భూములూ సంపాదించాడు. ఆయన కొడుకు అవద్ బిన్ ఉమర్‌ను నిజాం 'సుల్తాన్ నవాజ్ జంగ్' బిరుదుతో సత్కరించాడు. కుఐతీలు 1867లో షిహ్ర్ రేవును, 1881లో ముకల్లాను పట్టుకున్నారు. 1888లో బ్రిటిష్‌వారితో రక్షణ ఒప్పందం చేసుకున్నారు. ఏడెన్‌లోని బ్రిటిష్ కాగితాల్లో అవద్ పేరు అల్ కుఐతీ, హైదరాబాద్ దస్త్రాల్లో సుల్తాన్ నవాజ్ జంగ్. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని తెలియనివారు రెండు దస్త్రాలు చదివితే ఇద్దరు మనుషుల కథ రాస్తారు. ఆయన ప్రత్యర్థులూ ఇక్కడి కొలువులోంచి వచ్చినవారే. సైయూన్‌లో కసీరీ రాజ్యాన్ని తిరిగి నిలబెట్టిన గాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కసీరీ, కొంతకాలం పోటీపడిన అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ కూడా హైదరాబాద్ జమేదార్లే. మూడు వంశాలు మూసీ ఒడ్డున సంపాదించి హద్రమౌత్ కోసం కొట్లాడుకున్నాయి. 1967 సెప్టెంబరులో కుఐతీ సుల్తానత్ రద్దయ్యే దాకా ఆ వంశం అక్కడ పాలించింది. అంటే హద్రమౌత్ రాజకీయ చరిత్రలో దాదాపు నూరేళ్లు హైదరాబాద్ ఖజానా జీతాల్లోంచి పుట్టాయన్నమాట. మన చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక పేరా కూడా దక్కలేదు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం.

బిరుదు పెద్దవాళ్ల పేరును కప్పితే, మామూలు సిపాయి పేరును కప్పింది 'చావుష్'. తుర్కీ ఫౌజులో ఒక హోదాకు ఉన్న పేరు అది. దక్కన్‌లో అరబ్బు సిపాయిలందరికీ కలిపి వాడే మాటైంది, పోనుపోను ఇంటిపేరే అయి కూర్చుంది. పాత హైదరాబాద్ రాజ్యంలో భాగంగా ఉండి 1956లో విడిపోయిన మరాఠ్వాడాలో, ముఖ్యంగా నాందేడ్, ఔరంగాబాద్ వైపు, ఇది ఇప్పటికీ ఇంటిపేరుగా కనిపిస్తుంది. బార్కస్‌లో ఇరుగుపొరుగు అందరూ ఒకే మూలంవారు కనుక ఎవరు బావజీర్, ఎవరు కసీరీ అని వేరు చేసుకోవడానికి అసలు పేరు అవసరమైంది. పదిమందిలో ఒకడుగా ఉన్న జిల్లా ఊళ్లో 'అరబ్బువాడు' అన్న గుర్తింపు చాలు, 'చావుష్' సరిపోయింది. అందుకే ఈ మాట వ్యాప్తిని పటం మీద గుర్తిస్తే అరబ్బులు గుంపుగా ఉన్న చోట్లు పలచగా, చెల్లాచెదురుగా ఉన్న చోట్లు చిక్కగా కనబడతాయని నా అంచనా. ఇంటిపేర్ల పటాలు చదివేటప్పుడు ఈ తిరకాసును మరవకూడదు.

సయ్యదుల ఇంటిపేరు అల్ అయిదరూస్ కథ వేరు. ఈ వంశం సిపాయిల కంటే చాలా ముందే గుజరాత్ చేరింది. హద్రమౌత్‌లోని తరీమ్ దీని పుట్టిల్లు. 1508లో చనిపోయిన అబూ బక్ర్ అల్ అయిదరూస్‌ను ఏడెన్ రేవు తన ఔలియాగా కొలుస్తుంది. అబ్దుల్ ఖాదిర్ అల్ అయిదరూస్ 1570లో అహ్మదాబాద్‌లోనే పుట్టి, 1628లో అక్కడే చనిపోయాడు. హిజ్రీ పదో శతాబ్దపు పెద్దల చరిత్రను 'అన్నూర్ అస్సాఫిర్' పేరుతో అరబ్బీలో రాశాడు. జకార్తాలోని లువార్ బతాంగ్ మసీదులో 1756లో చనిపోయిన హుసేన్ అయిదరూస్ సమాధి ఉంది. హైదరాబాద్‌లో ఈ పేరు చరిత్రకెక్కింది మాత్రం ఓటమి రోజున. 1948 సెప్టెంబరు 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయిన నిజాం సేనాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్. తెలుగు పుస్తకాల్లో ఆయన 'ఎడ్రూస్'గానే మిగిలాడు. ఆ మూడక్షరాల వెనుక తరీమ్ ఉందని ఊహించేవారు తక్కువ.

నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన ఆ పోలీసు చర్య తర్వాత ఇంటిపేరే ప్రమాదమైన రోజులు వచ్చాయి. అరబ్బు సిపాయిలను నిర్బంధించారు, ఏడెన్‌కు పంపేసే ప్రయత్నాలు జరిగాయి, కొందరిని పంపారు కూడా. ఇక్కడే పుట్టి, ఇక్కడి తల్లికి బిడ్డై, ఏడెన్ ముఖం ఎరుగనివాడు విదేశీయుడా పౌరుడా అన్న చర్చ అధికారుల ముందుకొచ్చింది. చరిత్రకారిణి టేలర్ షెర్మన్ తన పరిశోధనలో ఈ ఘట్టాన్ని వివరంగా పరిశీలించారు. జీతాలు పోయాయి, జాగీర్లు పోయాయి. అప్పటిదాకా కొలువుకు హామీగా ఉన్న పేరు ఒక్కసారిగా అనుమానానికి ఆధారమైంది.

పేర్ల వ్యాప్తిని తీరం వెంట చూసుకుంటూ పోతే బార్కస్ పరిధి ఎంత పెద్దదో తెలుస్తుంది. మలక్‌పేటలో ఉన్న బలాలా పేరు మొంబాసాలోనూ ఉంది. ఆ నగరానికి మేయరుగా, తర్వాత కెన్యా పర్యాటక మంత్రిగా పనిచేసిన నజీబ్ బలాలా హద్రమీ మూలాలవాడే. ఈ ఇద్దరు నాయకులూ దగ్గరి చుట్టాలని నేననడం లేదు. ఒకే రకం పేరు, ఒకే సముద్రపు రెండు ఒడ్డులు, అంతే. బావజీర్ పేరు ఇండొనేషియాలో డచ్చివారి వర్ణక్రమంతో కనిపిస్తుంది. 1998లో కొద్ది నెలలు అక్కడి ఆర్థికమంత్రిగా ఉన్న ఫువాద్ బావజీర్ ఆ ఇంటివాడు. సురబయలో పుట్టిన అబ్దుర్రహ్మాన్ బాస్వెదాన్ 1934లో ఇండొనేషియా అరబ్ పార్టీ స్థాపించి, మన మాతృభూమి హద్రమౌత్ కాదు ఇండొనేషియా అని తన తోటి అరబ్బులకు చెప్పాడు. ఆయన మనవడు జకార్తా గవర్నర్ అయ్యాడు. జావాలో అరబ్బులు వర్తకులు, హైదరాబాద్‌లో సిపాయిలు. వర్తకుడికి పేరు పరపతి, సిపాయికి హాజరుపట్టీలో ఒక వరుస. దేశం మారితే అదే పేరు మోసే బరువు కూడా మారుతుంది. ఉల్రిక్ ఫ్రైటాగ్, ఎంగ్‌సెంగ్ హో, లీఫ్ మాంగర్ పరిశోధనలూ, హైదరాబాద్ బిడ్డ ఒమర్ ఖాలిదీ వ్యాసాలూ కలిపి చదివితే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. తెలుగులో ఈ దిశగా పని దాదాపు మొదలుకాలేదు.

ఇక నేటి కాగితాలు. ఓటరు జాబితాలో ఉండేవి పేరు, తండ్రి లేదా భర్త పేరు. ఇంటిపేరుకు ప్రత్యేక గడి లేదు. అహ్మద్ బిన్ అబ్దుల్లా బావజీర్ 'అహ్మద్ బిన్ అబ్దుల్లా'గా మిగిలిపోవచ్చు, బిన్ అనేదే ఇంటిపేరన్న భ్రమ కలగవచ్చు. అరబ్బీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌కు, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మారేసరికి బావజీర్, బవాజిర్, బావాజీర్ మూడు ఇంటిపేర్లవుతాయి. జాబితాల ఆధారంగా ఇంటిపేర్ల లెక్క తీసే పద్ధతి ఇంగ్లండ్‌లో పనికొచ్చినంతగా ఇక్కడ పనికిరాదు. అక్కడ ఒక అరుదైన పేరు పుట్టిన జిల్లాను పారిష్ రిజిస్టర్లూ జనగణన పట్టికలూ పట్టిస్తాయి. ఇక్కడ ఆ పని చేయగలిగినవి ఖాజీలు రాసిన సియాహానామాలు. వధూవరుల పేర్లు, వారి తండ్రుల పేర్లు, మెహర్, సాక్షులు అన్నీ అందులో ఉంటాయి. పెళ్లి దగ్గర ఇంటిపేరు వదిలేసేవారు తక్కువ.

చట్టంలోనూ ఈ మూలానికి ఒక ఫలితం ఉంది. వెనుకబడిన ముస్లిం వర్గాలకు రిజర్వేషన్లు ఇచ్చిన 2007 చట్టం 14 వర్గాలను పేర్కొంటూ సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీల వంటివారితో పాటు అరబ్బులను కూడా మినహాయించింది. పూర్వం జమేదార్లుగా ఏలినవారు కొందరే. బార్కస్ జనంలో ఎక్కువమంది సిపాయిల వారసులు, ఆ తర్వాత చిన్న దుకాణాల మీదా గల్ఫ్ కొలువుల మీదా బతికినవారు. వారసత్వంగా వచ్చిన గొప్ప పేరుకూ ఇవాళ్టి బతుకుకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ మినహాయింపు లెక్కలోకి తీసుకోలేదన్నది నా అభిప్రాయం.

1970ల తర్వాత గల్ఫ్ వలసలతో ఈ పేర్లకు మళ్లీ విలువ వచ్చింది. జెడ్డాలో బావజీర్లూ అమూదీలూ పేరున్న కుటుంబాలు. హైదరాబాద్ నుంచి పోయినవాడి పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు ఉంటే అక్కడ కనీసం పలకరింపు దొరుకుతుంది. బార్కస్ పక్కనే ఉన్న సలాలా కాలనీకి ఒమన్ నగరం పేరు ఉండటమూ ఈ రాకపోకల గుర్తే. తాతలనాడు ఓటరు జాబితాలో రాలిపోయిన పేరును మనవలు పాస్‌పోర్టు కోసం మళ్లీ రాయించుకోవలసిన అవసరం పడుతోంది.

కాబట్టి ఈ ఇంటిపేర్ల పటం గీయదలచినవారు మొదలుపెట్టవలసిన చోటు బార్కస్ ఖాజీల సియాహానామాలు. వాటి పక్కన తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్న ఆసఫ్ జాహీ కాలపు ఫౌజు దస్త్రాలు పెట్టి చదవాలి. ఉర్దూ, అరబ్బీ, తెలుగు మూడూ వచ్చినవాళ్లు కలిసి కూర్చుంటే తప్ప తెమలని పని ఇది. పాత సియాహానామాల కాగితం పెళుసుబారుతోంది, వాటి గొలుసుకట్టు రాత చదవగల ముసలి ఖాజీలు తగ్గిపోతున్నారు. ముందు వాటికి నకళ్లు తీయించాలి.