వేలెడంత వాళ్ళకీ పండగ పని

ఏమిటమ్మాయ్, పనికి అడ్డొస్తున్నారని పిల్లల చేతికి ఫోన్లిచ్చి మేడ మీదికి తోలేశావా? పిలు, పిలు. ఈ నెగడు చుట్టూ కూర్చోనీ. చేతులు కాచుకుంటూ నాలుగు ముచ్చట్లు వింటారు. నువ్వూ ఆ చాట పక్కన పెట్టి కూర్చో, ముందు చెప్పాల్సింది నీకే.

మా చిన్నప్పుడు పండగ రోజుల్లో పిల్లలు అడ్డం అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. మా మీద ముద్దుతో కాదు. మేం చెయ్యకపోతే పని తెమిలేది కాదు, అంతే. ఉయ్యూరు దగ్గర పల్లెటూళ్ళో ఉమ్మడి కాపురం మాది. మా నాన్న, చిన్నాన్నలు, వాళ్ళ పిల్లలు, సంక్రాంతికి పుట్టింటికొచ్చే మేనత్తలు, వాళ్ళ వెనక అలిగి కూర్చునే అల్లుళ్ళు. ఏ పూట ఎన్ని విస్తళ్ళు లేస్తాయో వంటింట్లో వాళ్ళకి కూడా తెలిసేది కాదు. ఆ ఇంటికి పెద్ద మా నాయనమ్మ. వేలెడంత పిల్ల దగ్గర్నుంచి మీసం మొలిచే కుర్రాడి దాకా ఎవరి చేతికి ఏ పని పడుతుందో ఆవిడకి కొట్టినపిండి.

డిసెంబరు నడిమికి నెలగంట పెట్టారంటే చాలు, పనులు పంచేసేది. అందరికంటే బుడ్డోళ్ళది భోగి పిడకల పని. ఆవుపేడ నిమ్మకాయంత ఉండ చేసి, గోడకి అద్ది, నడుమ వేలు గుచ్చి చిల్లి పెట్టాలి. పెద్దవాళ్ళ బొటనవేలు పెడితే చిల్లి వెడల్పై, ఎండేసరికి పిడక రెండు ముక్కలయ్యేది. నాలుగేళ్ళ పిల్ల చూపుడువేలైతే సరిగ్గా పురికొస దూరేంత. అందుకని ఆ చిల్లి పెట్టే హక్కు ఇంట్లో చిన్నవాళ్ళదే. "నీ వేలు తేరా నాన్నా" అని నాయనమ్మ పిలిస్తే ఊళ్ళో పెద్దరికం చేతికిచ్చినట్టు వచ్చి కూర్చునేవాళ్ళం. ఎండిన వాటిని దండ గుచ్చుతూ లెక్కపెట్టుకోవాలి. మా తమ్ముడికి ఇరవై పైన అంకెలు వచ్చింది బళ్ళో కాదు, ఆ గోడ దగ్గరే.

పరికిణీలు కట్టే వయసు ఆడపిల్లలది గొబ్బెమ్మల పని. తెల్లవారుతూనే పాక మీదికి పాకిన గుమ్మడి పాదు దగ్గరికి పరుగు. పువ్వు కొయ్యడానికీ ఓ పద్ధతుంది. పువ్వు కింద బుడిపెగా పిందె కనిపిస్తే అది ఆడపువ్వు, ముట్టుకోకూడదు. సన్నటి కాడ ఉన్న మగపువ్వే తుంచాలి. తెలియక పిందె పువ్వు కోసుకొస్తే నాయనమ్మ కేకలేసేది కాదు. "ఇదుగో, మాఘమాసంలో నీ పులుసు ముక్క ఇదే" అని అరిచేతిలో పెట్టేది. మళ్ళీ ఎవరూ కోసేవాళ్ళు కాదు. ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మల్ని కూడా పారెయ్యనిచ్చేది కాదు. పిడకలు కొట్టి దాచి, రథసప్తమి నాడు ఎండ పడే చోట వాటి మీదే పాలు పొంగించేవాళ్ళు.

ఆ నెలంతా పొద్దున్నే హరిదాసు వచ్చేవాడు. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు. పాటే గాని మాట ఉండదు, పాత్ర కిందికి దించడు. అందులో బియ్యం పోసే పని కూడా పిల్లలదే. అందకపోతే ఆయనే మోకాలు వంచి కూర్చునేవాడు. అంత పెద్దాయన మన ముందు వంగుతుంటే చెయ్యి వణికి సగం గింజలు కింద పోసేవాళ్ళం. పిచ్చికలకి అదే పండగ.

ఇక ఇల్లు. సున్నపురాళ్ళు కుండలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేది. అప్పుడు మాత్రం పిల్లలెవరూ గడప దాటకూడదు, కంట్లో చుక్క పడిందంటే చూపు పోతుందని గట్టి భయం. చల్లారాక అందులో కాస్త నీలిమందు కలిపి పెద్దవాళ్ళు గోడలకి వేసేవాళ్ళు. గోడ అడుగున ఎర్రటి జాజు పట్టీ మాత్రం పిల్లలకి వదిలేవాళ్ళు. నడుం వంచక్కర్లేని వాళ్ళు వాళ్ళే కదా! పట్టీ వంకరటింకరగా ఉండేది. చుట్టాలొచ్చి "ఇదెవరు వేశార్రా?" అంటే, నేనంటే నేనని నలుగురం ముందుకొచ్చేవాళ్ళం.

మగపిల్లలు చేల మీద పడేవాళ్ళు. కోతలై, కుప్ప నూర్చి, ధాన్యం ఇంటికి చేరే రోజులు. కోసిన చేలో రాలిన కంకులు ఏరుకుంటే పరిగె అంటారు, అది పిల్లల సొమ్ము. అంగట్లో పోసి జీళ్ళో, బఠాణీలో తెచ్చుకోవచ్చు, ఎవరూ లెక్క అడిగేవాళ్ళు కాదు. కాకపోతే అందులోంచి మంచి కంకులు ఏరి, కుచ్చుగా అల్లి చూరుకి కట్టాలి. పిచ్చికల వాటా పోగా మిగిలిందే మన వాటా అని మా తాతయ్య లెక్క.

బట్టల సంగతి చెబితే నవ్వుతారు. షావుకారు కొట్లో ఒకే తాను చింపించి మగపిల్లలందరికీ చొక్కాలు, ఇంకో తానులో ఆడపిల్లలందరికీ పరికిణీలు. తిరణాల్లో ఎవరు తప్పిపోయినా బట్ట చూసి మా ఇంటికి తోలుకొచ్చేవాళ్ళు. పెరిగే పిల్లలని పరికిణీకి అడుగున మడతలు వేయించేవాళ్ళు. ఏడాదికో మడత విప్పితే ఆ గీత దగ్గర రంగు కొత్తగా కనపడేది. దర్జీ మాత్రం భోగి ముందు రాత్రి దాకా "గుండీలే కుట్టాలమ్మా" అనేవాడు. ఆయన అరుగు మీద కాపలా కూర్చోవడం కూడా పిల్లల పనే.

అసలు పరీక్ష అరిసెల రోజు. ముందురోజే కొత్త బియ్యం నానేసి, మర్నాడు బుట్టలో వార్చి, తడి ఆరకముందే రోట్లో పోసి దంచాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేస్తుంటే, ఒకటి లేచేసరికి ఒకటి పడాలి. పక్కన జల్లెడ పట్టుకుని కూర్చునేది మేము. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, తడి గుడ్డ కప్పాలి. పిండి పొడిబారిందా, అరిసె పిడచకట్టుకుపోతుంది. గుడ్డ ఎత్తి చూడకుండా కాపలా కాసే పని మా అక్కది. దాని కళ్ళుగప్పి చిటికెడు పిండి నోట్లో వేసుకోవడం మా పని.

బెల్లం పాకం మీద మాత్రం మా నాయనమ్మ ఎవర్నీ నమ్మేది కాదు, పదేళ్ళ పిల్లని తప్ప. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి దానికిచ్చేది. ఈవిడ గరిటెతో పాకం చుక్క అందులో వేస్తుంది, పిల్ల వేలితో దగ్గరికి తీసి చూడాలి. కరిగిపోతే ఇంకా కావాలి. మెత్తటి ఉండ కట్టి, నొక్కితే సాగితే దించెయ్యాలి. గట్టిగా టంగుమంటే చేజారిపోయినట్టే, ఆ అరిసెలు కొరకడానికి పళ్ళు చాలవు. "వచ్చింది నాయనమ్మా!" అని అరవగానే ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. ఆ మాట అనే వయసు నాకొచ్చిన ఏడు ముందురోజు రాత్రంతా నిద్రపట్టలేదు. ఆ తర్వాత నువ్వుల్లో అద్ది, ఆకు మీద తట్టి, నూనెలో జార్చి, పొంగగానే తీసి రెండు చెక్కల మధ్య నొక్కేవాళ్ళు. నూనె బొటబొటా కారేది. మొదటి వాయి దేవుడి ముందు పెట్టిందాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. విరిగిన అరిసెలు మాత్రం జల్లెడ పట్టిన వాళ్ళవి. ఎన్ని విరిగేవో అడక్కండి.

పని పంచడమంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది ఈ ఇంటికొచ్చాకే. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి, వేలమంది పోయారు. ఇక్కడ కోతకొచ్చిన చేను నేలకొరిగింది, కొబ్బరిచెట్లు అడ్డంగా పడ్డాయి. పిల్లలూ, అప్పటికి మీ నాన్న పాకే పిల్లాడు. ఆ వైపు నుంచి మా అత్తగారి బంధువుల పిల్లలిద్దరు ఇక్కడికి చేరారు. అయినవాళ్ళని పోగొట్టుకున్న పిల్లలు. ఎవరేం పెట్టినా తినరు, పలకరిస్తే పలకరు, పొద్దస్తమానం అరుగు మీద ఓ మూల.

ఆ ఏడు పండగ లేదన్నారు మగవాళ్ళు. పిండివంటలు వద్దు, కొత్తబట్టలు వద్దు అంటే మా అత్తగారు సరేనంది. "భోగి మంట మటుకు వెయ్యాల్సిందే, పడిన చెట్ల దుంగలు ఏం చేసుకుంటాం?" అంది. నెలగంట పెట్టిన మర్నాడు పేడతట్ట తెచ్చి ఆ చిన్నాడి ముందు దించింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. వాడి వేలు పట్టుకుని పిడకలో గుచ్చి, "ఇది నీ పని, మిగతా వాళ్ళకి చేతకాదు" అని వంటింట్లోకి పోయింది. ఆ రోజు వాడు చేసినవి నాలుగో అయిదో. మర్నాడు గోడ దగ్గరికి తనే వెళ్ళి తిరగేసి చూశాడు ఎండాయా అని. భోగి నాటికి మా ఆడపడుచు కొడుకు ఆ దండ ముట్టుకున్నాడని వీధంతా వినపడేలా పోట్లాడాడు. ఆ పిల్లాడి గొంతు పైకి లేవగా వినడం అదే మొదలు. "కొట్టుకోనీ, ఆపకండి" అంది మా అత్తగారు. ఆ తెల్లవారుజామున దుంగల మంటలో మొదటి దండ వాడిదే. సాయంత్రం రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిరేకలు, చిల్లర డబ్బులు కలిపి మీ నాన్నకి భోగిపళ్ళు పోస్తూ వాళ్ళిద్దర్నీ పక్కనే కూర్చోబెట్టి పోసింది. వాళ్ళకి అయిదేళ్ళు దాటాయి కదా అని ఎవరో అన్నారు. ఆవిడ విననట్టే ఉంది.

అందుకే చెప్తున్నానమ్మాయ్. ఇప్పుడు అరిసెలు స్వగృహ కొట్లో దొరుకుతాయి, భోగి పిడకలు కవర్లో పెట్టి అమ్ముతున్నారు. కొనుక్కోవడం తప్పని నేనననులే. నీకు మూడు రోజుల సెలవు, ఆఫీసు ఫోను మోగుతూనే ఉంటుంది. కానీ పండగంతా తయారుచేసి పిల్లల ముందు పెడితే వాళ్ళు చుట్టాలవుతారు. చుట్టాలు తిని, ఫొటోలు దిగి, వెళ్ళిపోతారు. కాస్త పని వాళ్ళ చేతిలో పెడితే ఇంటివాళ్ళవుతారు. నా పండగ అని చెప్పుకోవడానికి వాళ్ళ వేలిముద్ర ఎక్కడో ఒకచోట పడాలి.

రేపు పొద్దున పెద్దాడు కుళాయి దగ్గర బకెట్లు మొయ్యనీ, వాకిట్లో కళ్ళాపి చల్లాలి. అమ్మడు నాతో పాటు పాకం పళ్ళెం పట్టుకుంటుంది, నేను చూపిస్తా. చిన్నదానికి జల్లెడ ఇవ్వు. సగం పిండి కింద పోస్తుంది, నువ్వు మాత్రం నోరెత్తకు. ఆ సగం చీమలకిద్దాం, వాటికీ సంక్రాంతేగా!