అంగమర్దన వృత్తియు, రాజ్యాధికారమును

మన గృహములలో తలంటు లేని పండుగ లేదు. బాలెంతరాలి నడుము పట్టు ముసలమ్మయు, పసిబిడ్డకు నూనె రాచి కాళ్ళుచేతులు సాగదీయు మంత్రసానియు, బెణికిన మడమను సవరించు మంగలియు లేని యూరు నరుదు. శూద్రకుని మృచ్ఛకటికమున సంవాహకుడొక పాత్రగా నున్నాడు. ఇంత ప్రాచీనమైనను, ఈ వృత్తి యెవరి యేలుబడిలో నుండవలెనను ప్రశ్న మాత్రము నవీనకాలముననే బలముగా పుట్టినది. వైద్యశాఖవారు దీనిని చూడవలెనా, పోలీసువారు చూడవలెనా, లేక పలువిధముల లైసెన్సుల నిచ్చు కచేరీవారు చూడవలెనా?

ఇది గుమాస్తాల గొడవయని పెక్కురు తలంతురు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 2017లో అంగమర్దకుల లైసెన్సుల వ్యవహారము ఆరోగ్యశాఖనుండి, ఎలక్ట్రీషియన్లు మొదలగు అనేక వృత్తులవారికి లైసెన్సుల నిచ్చు వేరొక శాఖకు మార్చబడెను. కాగితముల కట్ట యొక బీరువానుండి మఱియొక బీరువాకు పోయినంత మాత్రమున లోకము మునుగునా యని యడుగవచ్చును. ఒక్కొకచో మునుగకపోవచ్చును. కాని యిట్టి మార్పును వృత్తికారు లెదిరించినపుడు, అది మొండితనమని త్రోసివేయుట తగదు. శాఖ మారినచో వృత్తిని చూచు కన్ను మారును; కన్ను మారినచో ఆ వృత్తివలన దొరకు కూడును మారును. ఈ మాటకు కొన్ని దేశముల చరిత్రయే సాక్ష్యము.

మొదట ఇంగ్లండును చూతము. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రిక, లండనులో మర్దనశాలలను పేర వ్యభిచారగృహములు నడచుచున్నవని హెచ్చరించెను. ఆ వార్తతో, ఈ పనిని గౌరవముగా చేసికొనుచున్న నర్సులకు తలయెత్తుకొన వీలులేకపోయెను. దొంగ యెవరో దొర యెవరో పోలీసువారే తేల్చుదురుగాకయని వారు కూర్చుండలేదు. ఆ యేటనే లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు స్త్రీలు శిక్షణ పొందిన మర్దనకారిణుల కొక సంఘమును స్థాపించిరి. పరీక్ష లేర్పరచిరి, వైద్యుని యాజ్ఞ లేనిదే రోగిని తాకరాదని నియమము పెట్టుకొనిరి. 1920లో ఆ సంఘమునకు రాజశాసన పత్రము లభించెను. 1944లో అది ఫిజియోథెరపీ సంఘమని పేరు మార్చుకొనెను. మొదటి మహాయుద్ధమున చూపు కోల్పోయిన సైనికులు పలువురు సెయింట్ డన్‌స్టన్స్ అను సంస్థలో శిక్షణ పొంది యీ వృత్తిలోనే బ్రతుకుతెరువు కనుగొనిరి. వృత్తిని నేరముల ప్రక్కనుండి తప్పించి వైద్యము ప్రక్కకు చేర్చుకొన్నందుననే యిది సాధ్యమయ్యెను.

అంధులకును ఈ వృత్తికిని గల సంబంధము జపానునందు మఱింత గాఢమైనది. అచ్చట మర్దనవిద్యకు అన్మ యని పేరు. తోకుగావా ప్రభువుల కాలమున గ్రుడ్డివారు ఈల యూదుకొనుచు రాత్రివేళ వీథుల వెంట నడచెడివారు. ఆ యీల విని అలసినవారు వారిని లోనికి పిలిచెడివారు. 17వ శతాబ్దమున సుగియామా వాయిచి యను అంధ వైద్యుడు షోగన్ త్సునయోషి ఆదరమునకు పాత్రుడై, తనవంటివారికి సూదివైద్యమును, మర్దనమును నేర్పు పాఠశాలలను నెలకొల్పెను. తోదోజా యను అంధుల సంఘము వారి పదవులను నిర్ణయించి, వారి హక్కులను కాపాడుచుండెను.

1871లో మెయిజీ ప్రభుత్వము ఆ సంఘమును రద్దుచేసెను. పాతకాలపు ప్రత్యేకాధికారములను తొలగించుట సంస్కరణమే. ఆ సంఘమున లోపములు లేవనియు మనము చెప్పరాదు. కాని గోడను పడగొట్టినవారు, దాని నీడను నిలిచియున్నవారికి వేరొక నీడ చూపలేదు. పదవులును పోయెను, రక్షణయు పోయెను. పిమ్మట 1911లో హోంశాఖవారు నిబంధనలు చేసి, పరీక్షయు లైసెన్సును లేనిదే ఈ వృత్తి చేయరాదనిరి. ఆ నాటి హోంశాఖ పోలీసు యంత్రాంగమునకును అధిపతియే. 1938లో ప్రత్యేకముగా ఆరోగ్య సంక్షేమ శాఖ యేర్పడినది.

అసలైన పరీక్ష 1947లో వచ్చినది. యుద్ధమున నోడిన జపానును అమెరికను సైనికాధికారులు ఏలుచున్న కాలమది. సూదివైద్యము, మర్దనము మొదలగునవి అశాస్త్రీయములు, అపరిశుభ్రములు గనుక వానిని మాన్పవలెనని ఆ యధికారులు జపాను ప్రభుత్వమునకు తెలిపిరి. వారి దృష్టిలో నది యారోగ్యశాఖకు సంబంధించిన యొక సవరణ. అంధుల దృష్టిలో నది రేపటి యన్నము. అంధ వృత్తికారులును, అంధ పాఠశాలల యుపాధ్యాయులును, విద్యార్థులును వీథులలోనికి వచ్చిరి; విన్నపములు పంపిరి; తమ విద్య వ్యర్థము కాదని వాదించిరి. తుదకు నిషేధము జరుగలేదు. 1947 డిసెంబరులో చట్టసభ 217వ చట్టమును చేసి, ఈ వృత్తులకు న్యాయమైన స్థానము నొసగెను. శిక్షణ నిచ్చు చోటులలో విద్యాశాఖ గుర్తించిన పాఠశాలలకును, ఆరోగ్యశాఖ గుర్తించిన సంస్థలకును తావు దొరకెను. 1964 నాటి సవరణ, అంధుల జీవనము దెబ్బతినునని తోచినచో చూపుగలవారికై క్రొత్త మర్దన పాఠశాలల ననుమతింపకుండుటకు మంత్రి కధికార మిచ్చెను. 1988 సవరణచే లైసెన్సు నిచ్చు నధికారము రాష్ట్రాధిపతులనుండి కేంద్రమంత్రికి మారెను. 2022 ఫిబ్రవరిలో జపాను సుప్రీంకోర్టు ఆ 1964 నాటి నిబంధన రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పెను.

కొరియా చరిత్రయు నిట్టిదే. జపానువారి పాలనలో, 1913లో స్థాపింపబడిన యొక సంస్థలో అంధులకీ విద్య నేర్పబడెను. 1946లో అమెరికను సైనిక ప్రభుత్వము ఆ లైసెన్సు పద్ధతిని రద్దుచేసెను. 1973లో వైద్యచట్టపు సవరణతో నది దక్షిణ కొరియాలో మరల వచ్చెను. కాని మర్దనము అంధులకే చెందవలెనను కట్టడి చట్టసభ వ్రాసిన మాట కాదు. శాఖవారి నిబంధనలలోని మాట. 2006 మే నెలలో రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసెను. అంధులు సియోలు నగరమున మాపో వంతెనపై నిరసనలు సలిపిరి. కొందరు హాన్ నదిలోనికి దూకిరి. ఆ యేడే చట్టసభ ఆ మాటను చట్టములోనే చేర్చెను. 2008 అక్టోబరు 30వ తేదీన అదే న్యాయస్థానము ఆ చట్టమును నిలిపెను. కచేరీలో పుట్టిన హక్కు ఒక్క తీర్పుతో పోయినది; సభలో పుట్టిన హక్కు నిలిచినది.

ఇచ్చట ప్రతిపక్షమువారి మాటయు వినవలెను. చూపుగలవాడైనను బీదవాడే, వాని నీ వృత్తికి దూరము చేయుట న్యాయమా? ఈ ప్రశ్న తేలికది కాదు. కొరియా తీర్పు వెలువడిన మఱునాడే, అనగా 2008 అక్టోబరు 31వ తేదీన, తైవాను న్యాయాధిపతులు తమ దేశమున అంధులకే గల యిట్టి హక్కు రాజ్యాంగమునకు సరిపడదనిరి. అయినను వారు మూడేండ్ల గడువిచ్చిరి. ఆలోపల అంధుల జీవనమునకు వేరు మార్గములు చూపవలసినదని ప్రభుత్వమును కోరిరి. మర్దనము పేర స్త్రీలను చెరపట్టి యమ్ముకొను దుర్మార్గులున్నారు గనుక గట్టి శాఖ కావలెననువారును గలరు. నేరమును పట్టవలసినదే. కాని దొంగ బంగారము నమ్మిన యొక్కని కొఱకు కంసాలుల నందఱను ఠాణాలో హాజరు వేయించుట పరిపాలన యనిపించుకొనదు.

కావున మనము వ్యతిరేకింపవలసినది మార్పును గాదు, అడుగక చేయు మార్పును. ఏ శాఖకు మార్చినను మూడు సంగతులు విచారింపవలెను. ఆ శాఖవారికి శరీరశాస్త్రము తెలిసినవారి సలహా గలదా? ఆ వృత్తివలన బ్రతుకువారి మాట విన్నారా? వారి హక్కు చట్టములో నున్నదా, గుమాస్తా చేతిలో నున్నదా? ఈ మూడింటికిని జవాబు లేనపుడు ఎదిరించువారే ధర్మపక్షమున నున్నవారు.

ఇక మన సంగతి. మన పట్టణములలో మసాజు శాలలను గూర్చి మనము చదువు వార్తలు తఱచుగా పోలీసు దాడుల వార్తలే. పల్లెలలో నొడలు పట్టువారిని మనము వాకిటనే నిలిపితిమి. వారి చేతి సుఖము కావలెను గాని, వారి చేయి మన కంచమును తాకరాదంటిమి. ఏ ప్రభుత్వమును వారిని హీనుల జాబితాలో చేర్చకమునుపే మన యాచారము చేర్చినది. శాఖలను దిద్దుట శాసనసభలవారి పని; ఆ జాబితాను చింపుట మన యింటి పని. తలంటు పోసిన చేతికి పీట వేసి కూర్చుండబెట్టుటతో దానికి మొదలిడవచ్చును.