మౌలాలి మీదుగా వెళ్ళిన తూటాలు

మౌలాలి గుట్ట పాదాన మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. దర్గా మెట్లెక్కే తొందరలో చాలామంది దానిని చూడకుండానే దాటిపోతారు. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈమెను మనం ఉర్దూ కవయిత్రిగానే ఎక్కువగా తలచుకుంటాము. కాని రెండవ నిజాము వెంట యుద్ధయాత్రలకూ వేటలకూ ఆమె వెళ్ళేదనీ, ఈటె విసరడంలో నేర్పరి అనీ కూడా చెబుతారు. ఆ కాలపు వేటగాడి చేతిలో ఈటె, కత్తి, మహా అయితే వత్తి అంటించి పేల్చే తుపాకి. గురి తప్పితే రెండవ అవకాశం ఉండేది కాదు.

గుట్టకు కొంత దూరంలో రైలు పట్టాలున్నాయి. నిజాము రైలు 1886లో ఓరుగల్లు చేరింది, 1889లో బెజవాడ చేరింది. సికింద్రాబాదు నుంచి ఆ వైపు వెళ్ళే బండి మౌలాలి దాటవలసిందే. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జను ఓరుగల్లు జిల్లా నెక్కొండ దగ్గర పులివేటకు విడిది చేశాడు. చచ్చిన పులి ముందూ, కర్జను దంపతులు వెనకా ఉన్న ఛాయాచిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. దానిని తీసింది మన రాజా దీన్ దయాళ్ అని చెబుతారు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నా దృష్టి పులి మీదకూ దొరసాని టోపీ మీదకూ కాక తుపాకుల మీదకు పోతుంది. వాటిలోకి ఎక్కించే తూటాను ఎవరు, ఎందుకు ఎంచుకున్నారు?

ముందు ఒక మాట. మన పత్రికలు తూటా, గుండు అనే రెండు మాటలనూ కలిపేస్తాయి. గుండు అంటే జంతువును తాకే సీసపు ముక్క. తూటా అంటే ఇత్తడి గొట్టంలో మందు, అడుగున నిప్పు పుట్టించే టోపీ, మూతి దగ్గర గుండు, ఈ మూడూ కలిసినది. వేటగాడు ఎంచుకునేది తూటాను. దానికి సరిపడే తుపాకి తరవాత వస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు ఈ ఎంపికకు తావే లేదు. మూతి నుంచి మందు దట్టించి, గుండు కూరి పేల్చే తుపాకి ఒక్కటే ఆధారం. తెలంగాణ పల్లెల్లో దానినే బర్మారు అంటారు. పెద్ద జంతువుకు పెద్ద గుండు కావాలి, అంతే లెక్క. బోరు సంఖ్యలోని మర్మమూ అదే: ఒక పౌను సీసంతో ఎనిమిది గుండ్లు పోస్తే ఎనిమిది బోరు, నాలుగు పోస్తే నాలుగు బోరు. నాలుగు బోరు గుండు బరువు 113 గ్రాములు. మైసూరులో ఏనుగులను పట్టిన శాండర్సను ఇలాంటి ఫిరంగులనే మోశాడు. పేలిన ప్రతిసారీ భుజం కదిలిపోతుంది, నల్లమందు పొగ కళ్ళకు అడ్డం పడుతుంది. ఆ పొగ వెనక గాయపడ్డ అడవిదున్న ఎటు తిరిగిందో తెలిసేలోపు ఆలస్యమైపోయేది. బొల్లారం దండులోని కర్నలు నైటింగేలు హైదరాబాదు అడవుల్లో మూడు వందలకు పైగా పులులను చంపాడని చెప్పుకునేది ఈ తుపాకుల కాలంలోనే. అన్ని పులుల నుంచి తప్పించుకున్న ఆ మనిషి 1868లో గుర్రం మీద నుంచి చిరుతను ఈటెతో పొడవబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఆ తరవాత ఎక్స్‌ప్రెస్ తుపాకులు వచ్చాయి. మందు ఎక్కువ, గుండు తేలిక, వేగం ఎక్కువ. గుండు ముక్కులో బోలు ఉంచడం వల్ల అది తగలగానే విచ్చుకుంటుంది. దుప్పికి, జింకకు ఇది దివ్యంగా పనిచేసింది. పులి భుజపుటెముకకు తగిలితే మాత్రం గుండు పైపైనే పగిలిపోయేది. పులి గాయంతో పొదల్లోకి వెళ్ళిపోయేది. శామ్యూల్ బేకరు 1890లో అచ్చయిన తన గ్రంథంలో ఈ బోలు గుండ్లను గట్టిగా తప్పుపట్టి, 577 బోరులో నిండు సీసపు గుండు వాడమన్నాడు. నాకు బేకరు మాటే సబబనిపిస్తుంది. జంతువు ఎంత పెద్దదైతే గుండు అంత లోతుకు వెళ్ళాలి, పైన ఎంత గాయం చేసిందన్నది రెండో విషయం.

1880ల్లో ఫ్రాన్సులో పొగలేని మందు పుట్టింది. ఇంగ్లీషువాళ్ళు దానికి జవాబుగా 1889లో కార్డైటు తయారుచేశారు. సేమ్యా పోగుల్లా ఉండే పదార్థం అది. 1898లో లండనులోని రిగ్బీ సంస్థ దానిని పెద్ద ఇత్తడి గొట్టంలో పెట్టి 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను తెచ్చింది. గుండు 31 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 650 మీటర్లు. పాతికేళ్ళ కిందటి ఫిరంగి చేసే పని ఇప్పుడు భుజాన మోయగల జోడుగొట్టపు తుపాకి చేయసాగింది, పొగ లేకుండా.

ఇక్కడే మన ఎండ అడ్డు వచ్చింది. తెలంగాణలో పులివేటకు అదను ఏప్రిల్, మే నెలలు. ఆకు రాలిపోయి అడవి పలచబడుతుంది, చెలమలు ఎండిపోయి జంతువులు మిగిలిన నీటి దగ్గరకే వస్తాయి. కర్జను ఏప్రిల్‌లో రావడానికి ఋతువు కారణమైనా అయి ఉండాలి. కాని కార్డైటుకు వేడి పడదు. కాగిన తూటాలో మందు మరింత ఉధృతంగా మండి గొట్టంలో ఒత్తిడి పెంచుతుంది. ఇత్తడి ఉబ్బి తుపాకి గదిలో బిగుసుకుపోతుంది. పేలిన తూటా బయటికి రాదు, కొత్తది లోపలికి పోదు. ఎదురుగా పులి ఉంటుంది. లండను చలిలో పరీక్షించిన తూటా నెక్కొండ ఎండలో వేరే వస్తువైపోతుందన్నమాట. అందుకే ఇండియాకు పంపే తూటాల్లో మందు తగ్గించి వేరుగా తయారుచేసేవారు. గొట్టాన్ని పొడవుగా, విశాలంగా చేసి ఒత్తిడిని తక్కువలో ఉంచేవారు. ఆ కాలపు జోడుగొట్టపు తుపాకుల తూటాలు చేతివేలంత పొడవుండటానికి వేటగాడి డాబు కన్నా ఈ జాగ్రత్తే ఎక్కువ కారణం.

జంతువు, ఎండ అయ్యాయి. మూడవది భయం. 1857ను ఏలినవారు మరచిపోలేదు. 1878 ఆయుధాల చట్టం బ్రిటిషు ఇండియాలో సామాన్యుణ్ణి తుపాకికి దూరం చేసింది. పాత సైనిక తుపాకి మార్టినీ హెన్రీ ఉజ్జాయింపుగా 450 బోరుది. అలాంటివి ఎన్నో దేశంలో చెల్లాచెదురుగా ఉన్నాయి. వేట కోసం దిగుమతి అయ్యే 450 తూటాలు, గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న శంకతో 1907లో ఇండియాలోనూ సూడానులోనూ ఆ బోరును నిషేధించారు. పులికి బాగా సరిపోయిన తూటా రాజ్యానికి సరిపోలేదు. లండను తుపాకి వ్యాపారులు వెంటనే కొలత కొంచెం మార్చి 465, 470, 475 అంటూ కొత్త తూటాలు ముందుకు తెచ్చారు. వేట పుస్తకాల్లో ఈ అంకెలు ఏదో గణితశాస్త్ర రహస్యంలా కనిపిస్తాయి. వాటి వెనక ఉన్నది ఒక పోలీసు ఉత్తర్వు! సైన్యం వాడే త్రీ నాట్ త్రీ కూడా ఇదే కారణం వల్ల మామూలు లైసెన్సుదారుకు అందలేదు. దాని లోటు పూడ్చడానికి వచ్చినదే 315 బోరు.

ఆ భయం ఒట్టిది కాదని ఒప్పుకోవాలి. నిజాము రాజ్యంలోనే 1940లో కొమురం భీము జోడేఘాటులో పోలీసులను ఎదిరించినప్పుడు గోండుల చేతిలో బర్మార్లున్నాయి. 1946లో మొదలైన సాయుధ పోరాటంలో గడీల్లోని దొరల వేట తుపాకులు దళాల చేతికి వచ్చాయి. పులికి కొన్న తూటా దొర వైపే తిరిగింది.

తూటా సరిపోకపోతే ఆ ఖరీదు చెల్లించేది ఎవరన్న ప్రశ్న వేట గ్రంథాల్లో అరుదుగా వినిపిస్తుంది. మంచె మీద కూర్చున్న దొరకు పెద్ద ప్రమాదమేమీ లేదు. అడవి తోలే మనిషికి ఉంది. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, పులిని మంచె వైపు మళ్ళించేవాడి చేతిలో కర్ర తప్ప మరేమీ ఉండదు. తెలంగాణలో అధికారుల మకాముకు కట్టెలు, పాలు, కోళ్ళు చేర్చడంతోపాటు ఇదీ వెట్టిలో భాగమే. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం తొలినాళ్ళలో ఎత్తుకున్న సమస్యల్లో వెట్టి ముఖ్యమైనది. గాయపడ్డ పులి పొదలో దాక్కుంటే మర్నాడు దాని జాడ తీయడానికి వెళ్ళేదీ ఈ మనుషులే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ముప్ఫై పులులను చంపి తీస్‌మార్‌ఖాన్ అయ్యాడంటారు. ఆ మాట మన తెలుగులో వెటకారంగా స్థిరపడటంలో ఏదో న్యాయముంది. 1893లో హైదరాబాదు వచ్చి వేటాడిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు సంగతి చెప్పనే అక్కరలేదు. జీవితకాలంలో రెండున్నర లక్షలకు పైగా జంతువుల లెక్క రాసుకున్నాడాయన. 1914లో ఆయన ప్రాణం తీసిన పిస్తోలు గుండు బరువు ఆరు గ్రాములు.

తగని దెబ్బ ఏం చేస్తుందో తెలియాలంటే కుమావూ కొండల్లోని చంపావతి పులిని చూడాలి. 436 మందిని చంపిందని లెక్కగట్టిన ఆ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ చంపాక చూస్తే, కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పాత తుపాకి దెబ్బ అది. సహజమైన వేట చేతకాక అది మనుషుల మీద పడిందని ఆయన రాశాడు. ఆ వేటకు ఆయన తీసుకెళ్ళింది మూడే తూటాలు. అవి అయిపోగా తహశీలుదారు చేతిలోని పాత తుపాకి లాక్కుని పని ముగించాడు.

మన ప్రాంతానికి దగ్గరివాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో ఈ బొల్లారంలోనే పుట్టి, బెంగుళూరులో పెరిగాడు. మామండూరు, నల్లమల అడవులు ఆయన రచనల్లో కనిపిస్తాయి. ఆయన చేతిలోది లండను జోడుగొట్టం కాదు. అమెరికా వించెస్టరు, ఫోర్ నాట్ ఫైవ్ బోరు. గుండు 19 గ్రాములు, వేగం సెకనుకు 670 మీటర్లు. పెద్ద ఏనుగుకు అది చాలదని విమర్శకులంటారు, పులికి, చిరుతకు పుష్కలం. ఒంటిగొట్టంలోనే వరసగా అనేక తూటాలు, సైన్యపు బోరు కాదు. అడవి తోలించే జనం లేకుండా, చాలాసార్లు ఒంటరిగా కూర్చునే మనిషికి నప్పిన ఎంపిక. నన్నడిగితే ఈ కథ మొత్తంలో కొలతలన్నీ జంతువును బట్టే చూసుకుని కొన్న తూటా ఇదొక్కటే అంటాను.

1970 ప్రాంతంలో ఇంగ్లండులోని కైనాక్ సంస్థ నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాల తయారీ ఆపేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తూటాలు లేని 470లు గోడల మీద అలంకారమయ్యాయి. నిజాము వేటాడిన పాకాల అడవి 1952 నుంచే అభయారణ్యం. ఇప్పుడు తెలంగాణలో పెద్ద జంతువును కాల్చడమంటే చాలావరకు పంటలు పాడుచేసే అడవిపందిని, ప్రభుత్వ అనుమతితో, లైసెన్సున్న వేటగాడి చేత కాల్పించడం. దానికి పన్నెండు బోరో, మన ఆయుధ కర్మాగారాల 315 బోరో సరిపోతుంది. ఆ వేటగాడు దొరకని ఊళ్ళలో చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. ఆ తీగకు పందులు చస్తాయి, ఒక్కొక్కసారి పులీ చస్తుంది, తెల్లవారకముందే నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతూ చస్తాడు.