పుట్టగొడుగు, ఉప్పు, మన హక్కు

తొలకరి పడి, ఉరుములు ఉరిమిన నాలుగు రోజులకు చెదపుట్టల మీద పుట్టగొడుగులు లేస్తాయి. పుట్ట లోపల వాటిని పెంచేది చెదలే. అందుకే ఈ రకాన్ని మనం పండించలేం. అడవి ఇచ్చినప్పుడే తెచ్చుకోవాలి. అందులో పదింట తొమ్మిది వంతులు నీరే కాబట్టి, రెండు రోజుల్లో పాడవుతుంది.

మన పెద్దలు మిగిలినవాటిని ఎండబెట్టేవారు, పొయ్యి పొగకు ఆరబెట్టేవారు. ఉప్పులో ఊరబెట్టడం మనకు పెద్దగా అలవాటు లేదు. ఎందుకంటే ఉప్పు కొండ మీద పుట్టదు. తీరం నుంచి సంతకు వచ్చేది. చింతపండో కరక్కాయలో ఇచ్చి తెచ్చుకునేవారు. అంత కష్టపడి తెచ్చిన ఉప్పును పులుసులోకి దాచుకున్నారే గాని, కుండల కొద్దీ నీళ్లలో కలపలేదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఉప్పు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఒకటి అడవికి కంచె వేసింది, రెండోది ఉప్పుపై సర్కారు పట్టు బిగించింది. అడవి ఆంక్షలపై కోపం 1922లో మన్యం పోరాటమై రగిలింది. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర నడిచారు. 1930లో దండి తీరంలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. 1947లో ఉప్పు పన్ను పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కును గుర్తించింది.

ఇప్పుడు ఉప్పు చౌక. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పని నేర్చుకుందాం. తెచ్చిన రోజే మట్టి అంటిన మొదళ్లు కోసేయాలి. పురుగు పట్టినవి, మెత్తబడినవి పక్కన పెట్టాలి. రెండు మూడు నీళ్లలో త్వరగా కడగాలి, నానబెట్టకూడదు. మరిగే నీటిలో ఐదు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేసి వడకట్టాలి. లీటరు నీటికి పావు కిలో ఉప్పు వేసి, కాచి చల్లార్చాలి. గాజు సీసాలో పుట్టగొడుగులన్నీ ఆ నీటిలో మునిగేలా ఉంచి, చల్లని చోట పెట్టాలి. వండే ముందు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు తీసేయాలి.

ఒక్క మాట మరవొద్దు. విషపు పుట్టగొడుగు విషం ఉడికించినా పోదు, ఉప్పులో ఊరినా పోదు. ఏది తినొచ్చో మన అవ్వలకు తెలుసు. పుట్ట దగ్గరికి వాళ్లతో వెళ్లి, వాళ్లుండగానే నేర్చుకుందాం. హక్కు చట్టంలో రాసి ఉంది. ఈ తెలివి మాత్రం ఎక్కడా రాసి లేదు. మనం నేర్చుకుంటేనే నిలుస్తుంది.