పది తూటాల లెక్క వెనుక వందేళ్లు

తుపాకీలో ఎన్ని తూటాలు పట్టాలన్న విషయంలో అమెరికా దేశమంతటికీ వర్తిస్తూ తొంభై ఏళ్లుగా నిలిచిన నిబంధన ఒకటుంది. అది బాతుల కోసం వచ్చింది. వలస పక్షులు తరిగిపోతున్నాయని 1935లో ఫెడరల్ ప్రభుత్వం వేటగాళ్ల షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకూడదని కట్టడి చేసింది. అప్పటినుంచి గొట్టం కింద తూటాలు నింపే మ్యాగజైన్‌లో ఓ కర్రముక్క దూర్చి బిగించడం వేటగాళ్లకు అలవాటు. తనిఖీ అధికారి తుపాకీ అడిగి తీసుకుని, ఇంకో తూటా ఎక్కుతుందేమోనని తోసి చూస్తాడు. ఎక్కితే జరిమానా.

బాతుల దగ్గర ఇంత తేలిగ్గా తెగిన లెక్క మనుషుల దగ్గరికి వచ్చేసరికి వందేళ్లుగా తెగడం లేదు.

ఆగకుండా పది, పదిహేను సార్లు పేల్చే తుపాకీ నిన్నమొన్నటిది కాదు. 1860 నాటి హెన్రీ రైఫిల్ గొట్టంలోనే పదహారు తూటాలు పట్టేవి. అయితే ప్రతిసారీ చేత్తో లివర్ లాగాలి. మద్య నిషేధం రోజుల్లో ముఠాలు థాంప్సన్ సబ్‌మెషిన్‌గన్లతో వీధుల్లో తలపడ్డాకే చట్టసభలకు తూటాల లెక్క పట్టింది. 1927లో మిషిగన్ పదహారుకు మించి ఆగకుండా పేలే తుపాకీని నిషేధించింది. అదే ఏడాది రోడ్ ఐలాండ్ పన్నెండు అంది. 1932లో రాజధాని వాషింగ్టన్‌కు కూడా పన్నెండే హద్దయింది. 1933లో ఒహాయో పద్దెనిమిది అంది. మిషిగన్, ఒహాయో ఇరుగుపొరుగు రాష్ట్రాలు. ఒకే భయానికి రెండూ రెండు అంకెలు వేశాయంటే అవి కొలిచి తేల్చినవి కావు, బేరమాడి కుదుర్చుకున్నవే అని నా అభిప్రాయం. ఆ తర్వాత వచ్చిన అంకెల్లో చాలావాటి సంగతీ అంతే.

1934లో జాతీయ తుపాకుల చట్టం ముసాయిదాలో, మళ్లీ నింపకుండా పన్నెండు తూటాలు పేల్చే సెమీ ఆటోమేటిక్‌ను (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కటే పేలేదాన్ని) కూడా మెషిన్‌గన్‌గానే లెక్కగట్టారు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ దాన్ని వ్యతిరేకిస్తూ సాక్ష్యమిచ్చాడు. ఆయన 1920 ఒలింపిక్స్ పిస్టల్ పోటీల్లో స్వర్ణాలు గెలిచిన క్రీడాకారుడు. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒకటికి మించి పేలేదే మెషిన్‌గన్ అన్న నిర్వచనం చివరికి నిలిచింది, తూటాల లెక్క చట్టంలోంచి జారిపోయింది. ఆ జారిపోవడం వల్లే ఆరు దశాబ్దాల పాటు ఫెడరల్ చట్టం మ్యాగజైన్ జోలికి పోలేదు.

ఈలోగా మ్యాగజైన్ పెరిగింది. రేకు పెట్టె, లోపల స్ప్రింగు, దాని మీద తూటాలను పైకి నెట్టే పలక, అడుగున మూత: అంతే నిర్మాణం. తూటాలను ఒకే వరుసలో కాకుండా రెండు వరుసలుగా, ఒకటి అటు ఒకటి ఇటు అమర్చడంతో అదే పిడిలో రెట్టింపు పట్టాయి. 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్‌లో పదమూడు పడితే, 1980లలో వచ్చిన గ్లాక్ 17లో పదిహేడు పట్టాయి. ఆరు తూటాల రివాల్వర్లు వదిలేసి పోలీసులు వీటికి మారారు. వాళ్ల వెనకే సరదాకి గురి సాధన చేసేవాళ్లూ మారారు. షూటింగ్ రేంజ్‌లో మ్యాగజైన్ నింపేవాళ్లకు తెలుసు, చివరి రెండు తూటాలు దించేసరికి బొటనవేలు పీకేస్తుంది. పెద్ద మ్యాగజైన్ వాళ్లకు ఓ సౌకర్యం, అంతే.

1989 జనవరిలో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ బడి ఆవరణలో ఐదుగురు పిల్లలు కాల్పులకు బలయ్యారు. ఆ ఏడాదే తుపాకుల తయారీదారు బిల్ రూగర్, పదిహేను దాటిన మ్యాగజైన్లను నిషేధిస్తే సరిపోతుందని కాంగ్రెస్ సభ్యులకు లేఖ రాశాడు. తుపాకీ అభిమానుల్లో చాలామంది ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. 1990లో న్యూజెర్సీ అదే పదిహేనును చట్టం చేసింది. 1993 డిసెంబరులో లాంగ్ ఐలాండ్ రైలులో ఆరుగురిని చంపినవాడు మ్యాగజైన్ మారుస్తుండగా ప్రయాణికులు మీదపడి పట్టుకున్నారు. 1994 సెప్టెంబరు 13న క్లింటన్ సంతకంతో పది తూటాల హద్దు దేశమంతా అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో రెండు కిటికీలు తెరిచే ఉంచారు. అప్పటికే తయారైనవాటిని కొనొచ్చు, అమ్మొచ్చు. పదేళ్లకు చట్టం దానంతటదే రద్దవుతుంది. పాత మ్యాగజైన్ల ధరలు ఎగబాకాయి. కొత్తగా తయారైన పెద్దవాటి మీద పోలీసులకూ ప్రభుత్వానికీ మాత్రమే అని ముద్ర వేశారు. ఎలాగూ పదే కదా అని కంపెనీలు తుపాకీనే కుదించాయి. 1995 నాటి గ్లాక్ 26 చిన్న పిడిలో సరిగ్గా పది పడతాయి. జేబులో దాగే తుపాకీ ఈ చట్టం నీడలోనే విస్తరించిందన్నది ఆలోచించాల్సిన సంగతి. కోట్ల సంఖ్యలో పాతవి చలామణీలో ఉండగా నిషేధం ఫలితం కొలవడం కష్టమని 2004లో పరిశోధకుడు క్రిస్టఫర్ కోపర్ తేల్చాడు. ఆ సెప్టెంబరులోనే చట్టం గడువు ముగిసింది. దాన్ని పొడిగించలేదు.

ఆ తర్వాత ఈ కథంతా రాష్ట్రాలది. 2011 జనవరిలో టూసాన్‌లో ముప్పై మూడు తూటాల మ్యాగజైన్‌తో ఆరుగుర్ని చంపి, కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌ను తీవ్రంగా గాయపరిచినవాణ్ణి మళ్లీ నింపుకోబోతుండగా జనం పట్టుకున్నారు. ఆ కొన్ని సెకన్లు ప్రాణాలు కాపాడాయన్నది నేను తోసిపుచ్చలేని వాదన. 2012లో అరోరా సినిమా హాలు కాల్పులు, ఆపైన ఇరవైమంది పసిపిల్లలు పోయిన న్యూటౌన్ బడి కాల్పులు. మరుసటి ఏడాదే కనెటికట్, మేరీలాండ్ పదికి దిగాయి. కొలరాడో పదిహేను అంది. అలిగిన మ్యాగజైన్ల తయారీ సంస్థ మ్యాగ్‌పుల్ అక్కడినుంచి వయోమింగ్, టెక్సాస్‌లకు తరలిపోయింది. ఆ సెప్టెంబరులో ఈ చట్టాన్ని సమర్థించిన ఇద్దరు కొలరాడో రాష్ట్ర సెనేటర్లను ఓటర్లు పదవినుంచి దించేశారు. న్యూయార్క్ ఇంకో అడుగు వేసి, పది పట్టే మ్యాగజైన్‌లో ఏడే నింపాలంది. ఆ ఏడు తూటాల షరతును కోర్టు కొట్టేసింది.

2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు, తుపాకీ చట్టం దేశ చరిత్రలోని నియంత్రణ సంప్రదాయానికి అమరాలని చెప్పింది. అప్పటినుంచి లాయర్లు పాత చట్టాలు తవ్వి తీస్తున్నారు. కాలిఫోర్నియాలో పెద్ద మ్యాగజైన్ల నిషేధాన్ని అంతకుముందే 2019లో జడ్జి రోజర్ బెనిటెజ్ కొట్టేసినప్పుడు తీర్పు నిలిపేసేలోపు ఉన్న వారంలో జనం ఎగబడి కొన్నారు. బ్రూయెన్ తర్వాత 2023లో ఆయన మళ్లీ కొట్టేస్తే, 2025 మార్చిలో అప్పీలు కోర్టు 7-4తో చట్టాన్ని నిలబెట్టింది.

సరదాకి తుపాకీ ఉంచుకునేవాడికి దీని అర్థం ఏమిటో న్యూజెర్సీనుంచి చూస్తే తెలుస్తుంది. అక్కడ 2018లో హద్దు పదికి దిగింది. ఇళ్లలో ఉన్న పెద్దవాటిని కూడా 180 రోజుల్లో వదిలించుకోవాలో, శాశ్వతంగా మార్పించాలో తేల్చుకోమన్నారు. నది దాటితే పెన్సిల్వేనియాలో హద్దే లేదు. డెలావేర్‌లో పదిహేడు. పెన్సిల్వేనియా రేంజ్‌లో సక్రమంగా వాడిన పెద్ద మ్యాగజైన్‌ను కారు డిక్కీలో పెట్టుకుని తిరిగొస్తే ఇంటిదగ్గర అది నేరం. తాళం వేసిన తుపాకీని రాష్ట్రాలు దాటించడానికి 1986 ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది కానీ, అందులో తుపాకీ, తూటాల మాటే తప్ప మ్యాగజైన్ మాట లేదు. ఒక దేశపు పౌరుడు నేరస్థుడో కాదో వంతెన ఏ ఒడ్డున ఉన్నాడన్నదాన్నిబట్టి తేలడం న్యాయం కాదు. హద్దు ఉండాల్సిందేనంటే దేశమంతా ఒకటే ఉండాలి. అది పది కావచ్చు, పదిహేను కావచ్చు.

అది జరిగేదాకా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో స్థిరపడి గురి సాధన మొదలుపెట్టాలనుకునే మన తెలుగువాళ్లకు నాలుగు మాటలు. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాలో ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్‌కార్డు వచ్చాక అడుగుపెట్టేవారు మీ రాష్ట్రంలో నిషేధం అమ్మకం మీదా, దగ్గర ఉంచుకోవడం మీదా అన్నది ముందు చూసుకోండి. వాషింగ్టన్ రాష్ట్రం 2022లో అమ్మకం, తయారీ, దిగుమతులనే ఆపింది, న్యూజెర్సీ దగ్గర ఉంచుకోవడాన్నే ఆపింది. కొలరాడోలాంటి చోట కొన్న తేదీయే మీకు రక్ష. మ్యాగజైన్ కొన్న రసీదు దాచుకోండి, రాష్ట్రం దాటే ప్రతిసారీ అవతలి రాష్ట్ర చట్టం తాజాగా చదువుకుని బయల్దేరండి.