ఓడకన్నా ముందు సెలవు

తాత, నాయనమ్మ, కొడుకు, కోడలు, బిడ్డ, అల్లుడు, వాళ్ల పిల్లలు అందరూ కలిసి ఒకే ఓడ ఎక్కి, మూడు నాలుగు రోజులు నీళ్ల మీద గడిపి రావడమనేది మన దగ్గరికి నిన్నగాక మొన్న వచ్చిన ముచ్చటని చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖ రేవుకు వచ్చింది. 2023 సెప్టెంబరులో అదే రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో, రామగిరి మండలం సెంటినరీ కాలనీ క్వార్టర్లలో కూడా ఓడ ప్రయాణం మాట వినపడుతోందంటే, అది అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో చూపించిన ఫొటోల చలవేనని తేల్చేయడం సులభం. కానీ దాని పుట్టుక వెతుక్కుంటూ వెనక్కి వెళితే మొదట తగిలేది ఓడ కాదు. జీతం కోత లేని సెలవు ఒకటి, ఇంటిల్లిపాదీ కదిలే మొక్కుబడి రెండోది. ఓడ ఈ రెండింటి తర్వాతే వస్తుంది. బొగ్గుబాయి ప్రాంతంలో ఈ వరుస మరింత స్పష్టంగా కనపడుతుంది.

ఓడ వైపు చరిత్రనే ముందు చూద్దాం. టపా మోసే ఆవిరి ఓడల్లో ఖాళీ గదులు నింపుకోవడానికి పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ కంపెనీ 1844లో మధ్యధరా సముద్రపు విహారాలు మొదలుపెట్టింది. ప్రచారం కోసం రచయిత థాకరేకు ఉచితంగా టిక్కెట్టు ఇస్తే, ఆయన ఆ ప్రయాణం మీద ఏకంగా పుస్తకమే రాశాడు. 1891లో హాంబర్గ్ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ బాలిన్‌కు వచ్చిన ఇబ్బందీ అలాంటిదే. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి పెద్ద ఓడ రేవులో ఊరికే పడి ఉంటుంది. అందుకని ‘అగస్టా విక్టోరియా’ను రెండు నెలల పాటు మధ్యధరా వైపు తిప్పాడు. ఎక్కినవాళ్లంతా తీరిక, డబ్బు రెండూ ఉన్నవాళ్లు. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాక పాత ప్రయాణికుల ఓడలకు బేరం పోయింది. ఆ ఓడల్లో ఒకటి కొని 1972లో కార్నివాల్ కంపెనీ మధ్యతరగతి కుటుంబాలను పిలిచింది. ఈ ఎనభై ఏళ్లలో ఓడకన్నా ఎక్కువగా మారింది ఎక్కేవాళ్లే. వాళ్లను మార్చింది ఓడల కంపెనీలు కావు, జీతపు సెలవు. 1936లో ఫ్రాన్స్ కార్మికులు పెద్ద సమ్మె తర్వాత రెండు వారాల జీతపు సెలవు సాధించుకున్నారు. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ హక్కు మీద ఒప్పందం తెచ్చింది. 1938లో బ్రిటన్‌లో చట్టం వచ్చింది. ఓడ తయారై ఉన్నా, పనిచేసి బతికే మనిషి దాన్ని ఎక్కడానికి ఇన్ని జరగాల్సి వచ్చింది.

మన దగ్గర ఓడ కథ ఇంకా కష్టమైనది. తెలుగు కుటుంబాలు మొదట గుంపులుగా ఎక్కిన ఓడలు విహారానివి కావు. మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. దాన్లో చెరకు తోటల్లో ఒప్పందపు కూలికి వెళ్తున్న తెలుగువాళ్లూ తమిళులూ ఉన్నారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్‌కు తరాల తరబడి డెక్కు మీదే పడుకుని వెళ్లినవాళ్లు బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి పోయినవాళ్లు. సముద్రపు ఓడంటే మన ముసలివాళ్లకు సంబరంకన్నా గుబులే ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణమని నా నమ్మకం. ఓడ ప్రయాణంలోని సంతోషం మనకు సముద్రం మీద కాక నది మీద పుట్టింది.

ఆ నది గోదావరి. నిజానికి రామగుండం బొగ్గు ప్రాంతం పక్కనుంచే ప్రవహించే ఈ నది మీద ఆవిరి పడవలు నడపాలని గట్టి ప్రయత్నమే జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ చూపు ఎగువ గోదావరి మీద పడింది. వార్ధా లోయలోని పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా నీటిదారిన కోస్తా రేవుకు దించాలన్నది ఆలోచన. దారికి అడ్డంగా మూడు చోట్ల రాతి గుట్టల వరుసలున్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం, రెండోది కాళేశ్వరానికి దిగువన ఇచ్చంపల్లి, మూడోది ఇంకా పైన. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలను మెట్టుమెట్టుగా ఎక్కించి దించే లాకులు, కాలువ కట్టారు. ఆ ఆనకట్ట ఇవాళ్టికీ ఉంది. ఖర్చు పెరిగి రాబడి కనపడక 1871లో పని ఆపేశారు. సరిగ్గా ఆ ఏడాదే ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గు గుర్తించాడని సింగరేణి సంస్థ తన చరిత్రలో చెప్పుకుంటుంది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. ఆ బొగ్గు రైళ్లను నడిపించింది, రైళ్లు వచ్చాక ఎగువ గోదావరి మీద పడవదారి ఆలోచన వెనకబడింది. 1929లో కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యేసరికి రామగుండం ప్రయాణమంటే పట్టాల మీద ప్రయాణమే అయింది. గోదావరి పేరు పెట్టుకున్న గని ఊరివాళ్లు గోదావరి మీద పడవ ఎక్కాలంటే ముందు భద్రాచలం దాకా రోడ్డు మీద పోవాల్సి రావడానికి మూలం ఇక్కడుంది.

ఇప్పుడు సెలవు సంగతి. బాయిలో దిగే మనిషికి మస్టర్ (హాజరు) పడితేనే కూలి. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ వారం వారం మారుతుంటే ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు ఒక పూట కలిసి అన్నం తినడమే అరుదు. 1952 గనుల చట్టం జీతంతో కూడిన వార్షిక సెలవును హక్కుగా రాసింది. దరిమిలా సవరణలతో ఖరారైన లెక్క ప్రకారం భూగర్భంలో పనిచేసినవారికి ప్రతి 15 రోజుల పనికి ఒకరోజు, ఉపరితలంలో పనిచేసినవారికి ప్రతి 20 రోజులకు ఒకరోజు. ఏడాదిలో 240 మస్టర్లు పడిన, బాయిలో బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌కు 16 రోజులు వచ్చాయన్నమాట. కాగితం మీద చిన్నగా కనపడే ఈ అంకెకు ఇంట్లో ఉన్న విలువ వేరు. పొద్దున నిద్రపోయే నాన్న రెండు వారాలు పగలు మెలకువగా ఉంటాడు. 1975 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు, మన కార్మికులు వేజ్‌బోర్డు అని పిలుచుకునేవి, దీనికి ప్రయాణ ఖర్చును కూడా జోడించాయి. సొంతూరికి వెళ్లి రావడానికి ఎల్టీసీ, దేశం చూసి రావడానికి ఎల్ఎల్టీసీ. విహారం కూడా కార్మికుడికి చెందాల్సిందేనని ఒక ఒప్పందంలో రాయించుకోవడం గురించి నా దృష్టిలో ఈ ప్రాంతపు చరిత్రలో ఎంత చెప్పుకున్నా తక్కువే. పైగా బొగ్గుబాయి కుటుంబాన్ని ఒకే కంపెనీ మూడు తరాలుగా కట్టి ఉంచింది. తాత కొలువు కొడుక్కి వచ్చింది, 2018 నుంచి కారుణ్య నియామకాల పేరుతో మనవడిదాకా వస్తోంది. ఒకే క్వార్టర్, ఒకే ఆసుపత్రి, దసరా ముందు అందరూ ఎదురుచూసే ఒకే లాభాల వాటా. అలాంటి ఇల్లు కదిలితే మొత్తంగానే కదులుతుంది.

సెలవు దొరికితే ఎక్కడికి? ఇక్కడ మొక్కు ముందుకొస్తుంది. వేములవాడలో పిల్లవాడి పుట్టు వెంట్రుకలు తీయించాలంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. కోడె మొక్కు అప్పజెప్పడానికి ఇంటి పెద్ద ఉండాలి. మేడారం జాతరలో నిలువెత్తు బంగారం (బెల్లం) తూకం వేయించుకునే మనవరాలి పక్కన అవ్వ లేకుండా ఎట్లా? మూడు తరాలు కలిసి బయల్దేరే పద్ధతిని ఏ టూరిస్టు కంపెనీ కనిపెట్టలేదు, ఆచారమే ఆ జట్టును ముందే నిర్ణయించింది. భద్రాచలం అటువంటి క్షేత్రమే, కానీ నదిని ఆనుకుని ఉండటంవల్ల అక్కడ మొక్కు పడవ ఎక్కింది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీలు యాత్రికులను మోశాయి. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ కథ చాలావరకు రాములవారి కల్యాణానికి పోయే అలాంటి లాంచీ మీదే సాగుతుంది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, ఉన్నవాడూ లేనివాడూ ఒకే డెక్కు మీద వండుకు తిని పాడుకుంటూ పోయే ఆ చిత్రం విశాఖకు ‘ఎంప్రెస్’ రావడానికి దాదాపు యాభై ఏళ్ల ముందే వచ్చింది. ఇది గమనించాల్సిన సంగతి. తెలుగువాడికి ఇంటిల్లిపాది ఓడ ప్రయాణం ఎలా ఉంటుందో అప్పటికే తెలుసు.

తీర్థయాత్ర వేరు, విహారయాత్ర వేరు, రెండింటినీ కలపడం సరికాదని ఒక అభ్యంతరం రావచ్చు. మొక్కు చెల్లించడానికి పోయేవాడు సుఖం కోరి పోడు గదా అంటారు. కానీ జాతరను దగ్గరగా చూసినవారెవరూ ఈ గీత గీయలేరు. మొక్కు అయిపోయాక చెట్టుకింద పొయ్యి పెట్టి కోడిని వండుకునే పూటను భక్తి అనాలా, విహారం అనాలా? పాపికొండల లాంచీలో అయితే రెండూ ఒకే టిక్కెట్టులో ఉంటాయి. బొగ్గు ప్రాంతం నుంచి పోయేవాళ్లు భద్రాచలంలో దర్శనం చేసుకుని, కూనవరం, వరరామచంద్రాపురం దాటి పోచవరం దగ్గర లాంచీ ఎక్కుతారు. కింది అంతస్తులో వంట, పై అంతస్తులో వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు, అందరి మెడలోనూ నారింజ రంగు లైఫ్ జాకెట్లు. పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగగానే పిల్లలు ఆశ్రమం మెట్లు పరుగున ఎక్కుతారు, మోకాళ్లు సహకరించని తాతలు కుర్చీలోంచి కదలరు, అయినా కొండ, వాగు, కొండరెడ్ల వెదురు బొమ్మల బేరం వాళ్ల కళ్లముందే ఉంటాయి. మూడు తరాల ప్రయాణానికి పడవ ఎందుకు కుదురుతుందో ఇక్కడ తేలుతుంది. బస్సులో పోతే ప్రతి ఊళ్లో దిగాలి, ఎక్కాలి, సామాను మోయాలి. పడవలో కూర్చున్న చోటికే లోకం వస్తుంది. ముప్పై ఏళ్లు బొగ్గు సీమ్‌లో వంగి పనిచేసి నడుమూ మోకాళ్లూ అరగదీసుకున్న మనిషికి ఇంతకన్నా అనువైన ప్రయాణం లేదు. సముద్రపు విహార నౌక లిఫ్టులు పెట్టి, పిల్లలకు ఆటగదులు పెట్టి అమ్మేది కూడా సరిగ్గా ఈ సౌకర్యాన్నే.

మరో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ మునిగింది. అందులో డెబ్బైమందికి పైగా ఉన్నారు, చాలామంది తిరిగి రాలేదు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి కలిసి వెళ్లిన బృందం కూడా ఆ పడవలోనే ఉంది. నెల దాటాక గానీ పడవను పైకి తీయలేకపోయారు. ఒకే ఇంటివారందరూ ఒకే పడవలో ఉండటంలోని సంతోషానికి వెనకవైపున ఉన్న భయం ఇదే, ప్రమాదం వస్తే ఇల్లు ఇల్లే ఖాళీ అవుతుంది. దీనికి జవాబు పడవలు మానుకోవడం కాదు. గనిలో గాలి కొలవకుండా, పైకప్పు పరీక్షించకుండా మనిషిని దింపకూడదని బొగ్గుబాయి ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. నది మీద కూడా వరద మట్టం చూడకుండా, కంట్రోల్ రూమ్ అనుమతి లేకుండా, లెక్కకు మించి మనుషులతో లాంచీ కదలకూడదు. కచ్చులూరు తర్వాత కంట్రోల్ రూములు పెట్టారు. ఆ కట్టుబాటు సడలకుండా చూడమని అడిగే హక్కు ఎక్కేవాళ్లందరికీ ఉంది.

ఎల్టీసీ డబ్బు ప్రయాణానికి పోదు, ఇంట్లో చిట్టీకో బిడ్డ ఫీజుకో పోతుంది, కాబట్టి ఈ చరిత్రంతా కాగితపు చరిత్రేనని మూడో వాదన. పాక్షికంగా నిజమే. డబ్బు ఏ అవసరానికి ముందు పోవాలో ఇంటివాళ్లకే తెలుస్తుంది. కానీ డబ్బు ఖర్చయిపోయినా సెలవు మిగిలే ఉంటుంది, సెలవు ఉంటే ఆర్టీసీ బస్సులోనైనా భద్రాచలం పోవచ్చు. మరి ఆ సెలవే అందని ఇళ్ల సంగతి? ఇదే బొగ్గు ప్రాంతంలో ఓపెన్‌కాస్టుల మీద మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టు కంపెనీలది. ఆ డంపర్ డ్రైవర్లకూ హెల్పర్లకూ వేజ్‌బోర్డు వర్తించదు, ఎల్టీసీ లేదు. జీతపు సెలవు చట్టం గనిలో పనిచేసే ప్రతి మనిషికీ వర్తిస్తుంది గానీ, కాంట్రాక్టరు మారినప్పుడల్లా మస్టర్ లెక్క మొదటికి వస్తే ఆ సెలవు చేతికందదు. వాళ్ల తల్లిదండ్రులకూ మోకాళ్ల నొప్పులున్నాయి, వాళ్ల పిల్లలకూ లాంచీ ఎక్కాలని ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఈ ఇళ్లూ నది దగ్గరికి కదలాలంటే సెలవు కావాలి. కాంట్రాక్టు కార్మిక సంఘాలు తమకు హైపవర్ కమిటీ సిఫారసు చేసిన వేతనాల కోసం ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ డిమాండు పత్రంలోనే, కాంట్రాక్టరు మారినా పాత మస్టర్లు లెక్కలోకి తీసుకుని జీతపు సెలవు ఇవ్వాలన్న మాట కూడా పుష్కరాలకు ముందే చేరాలి.