నీళ్లు వచ్చాక నేల యెవరిది?

నీటి పథకాల చరిత్ర రాసేవాళ్లు టిఎంసీలు లెక్కబెడతారు. ఆ నీళ్లు పారే నేల యెవరిదని అడగరు. మేము అడగదలుచుకున్నాం. కాలవతో మా తాతల సంబంధమంతా పూడిక తీసే పారతోనే ఉండేది. కాలవ కింద సెంటు నేల లేదు.

తెలుగుగంగనే తీసుకుందాం. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టిఎంసీల కృష్ణా నీళ్లు మద్రాసు దాహానికి ఇస్తామన్నాయి. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాలు వొప్పందం చేసుకున్నాయి. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు మీదుగా నీళ్లు 1996లో పూండి చేరాయి. దారిలో రాయలసీమ, నెల్లూరు మెట్టలకు సాగునీళ్లూ ఈ పథకంలో భాగమే.

మెట్టకు నీళ్లొస్తే పంట వొక్కటే మారదు. నేల ధర మారుతుంది. ధర మారితే చెయ్యి మారుతుంది. దళితులకు ప్రభుత్వం ఇచ్చిందల్లా యెక్కువగా వాన మీద బతికే డి.కె.టి. పట్టా నేల. దాన్ని కొనడం, అమ్మడం చెల్లదని 1977 చట్టం అంది. కానీ అప్పు కింద రాయించుకున్న తెల్లకాగితానికి చట్టంతో పనేముంది? బీడుగా ఉన్నప్పుడు యెవరికీ పట్టని నేల, కాలవ వస్తుందనగానే అందరికీ కావాల్సొస్తుంది.

నీళ్లు చేరే చివర కూడా ఇదే కథ. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి అంటరానివాళ్ల బతుకు మీద నివేదిక ఇచ్చాక, 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్లకు భూములివ్వమని ఉత్తర్వు చేసింది. అవే పంచమి భూములు. వాటిలో చాలా భాగం పరుల పాలైంది. 1994లో ఆ జిల్లాలో కరణై పంచమి భూముల కోసం దళితులు కదిలితే పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. కృష్ణా నీళ్లు అప్పటికింకా పూండి చేరనేలేదు.

వానల మీద, కాలవ మీద నమ్మకం చాలక చెన్నై సముద్రం వైపు తిరిగింది. ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో మొదలయ్యాయి. వొక్కోటీ రోజుకు 10 కోట్ల లీటర్లది. నెమ్మేలి నీళ్లు నగరం దక్షిణాన ఐ.టి. కంపెనీలున్న దారికీ వెళతాయి. ఇక బావి యెండినా ఇళ్లస్థలాల వ్యాపారం ఆగనక్కర్లేదు.

మేము నీళ్లొద్దనడం లేదు. నీళ్లకు ముందు నేల లెక్క తేల్చమంటున్నాం. అడంగల్‌లో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు పక్కపక్కనే ఉంటాయి. కాలవ తవ్వక ముందుదీ, నీళ్లొచ్చాకదీ తీసి చూడండి. పట్టా మనవాళ్లదై, సాగు ఇంకొకరిదైన సర్వే నంబర్లను ఊరూరా రాసిపెట్టండి. రేపు కోర్టుకెళ్లినా, కలెక్టరాఫీసు ముందు కూర్చున్నా మన చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.